నురగ విరిచే చుక్క

చేతికి కాగితం ఇస్తే రొజేర్ జెలినా ముందు చదవడు. చెవి దగ్గర పెట్టి ఆడిస్తాడు. గలగలలాడితే తల ఊపుతాడు, మెత్తగా మూలిగితే మూతి విరుస్తాడు. ఆ తర్వాత ఒక మూలను నాలుకకు తాకించి, తడి లోపలికి ఎంత తొందరగా దిగుతుందో చూస్తాడు. శుభలేఖ అయినా, కరెంటు బిల్లయినా ఇదే వరస. ఒకసారి చర్చిలో, ఎవరో పోయినప్పుడు పంచిన ప్రార్థన కాగితాన్ని కూడా నాకి, ఇది మన ఊరి సరుకు కాదని పక్కవాడి చెవిలో ఊదాడట. పక్కవాడూ కాగితం మిల్లు మనిషే. తనూ నాకి చూసి ఔనన్నాడు.

మా త్రువా-రివియేర్‌లో ఒక తరమంతా ఇలాంటి మనుషులే. సేంట్-మోరీస్ నది పైనుంచి దుంగల్ని మోసుకొచ్చేది, మిల్లులు వాటిని మింగి కాగితం కక్కేవి. ఊరంతా కుళ్లిన కోడిగుడ్ల వాసన. బయటి నుంచి వచ్చినవాళ్లు ముక్కు మూసుకునేవారు. మాకు మాత్రం ఆ వాసన వస్తోందంటే నాన్న పనిలో ఉన్నాడని అర్థం. ఇప్పుడు గాలి శుభ్రంగా ఉంది. శుభ్రమైన గాలి పీల్చి నిట్టూర్చే జనం ఎక్కడైనా ఉన్నారంటే అది మేమే.

రొజేర్ మీసాలు సరిగ్గా రాకముందే మిల్లులో చేరి, పూత కలిపే గదిలో పడ్డాడు. తెల్లమట్టి, గంజిపొడి, జిగురు పెద్ద తొట్లలో కలిపి, కాగితానికి పట్టించడానికి పంపే గది అది. మిల్లులో అందరూ దాన్ని వంటిల్లు అనేవారు, అక్కడ పనిచేసేవాళ్లని వంటవాళ్లనేవారు. ముప్పై ఏళ్లు వంటింట్లో గడిపి కూడా గుడ్డు ఉడకబెట్టడం చేతకాని వంటవాడు ఈయనొక్కడే అని భార్య మురియెల్ చుట్టాల ముందు దెప్పేది. రొజేర్ నవ్వి ఊరుకునేవాడు. గుడ్డు సంగతి ఆమె చెప్పింది నిజమే.

ఆ వంటింటికి ఒకే ఒక్క శత్రువు, నురగ. తొట్టిలో నురగ లేచిందంటే పూతలో బుడగలొస్తాయి, బుడగ పగిలిన చోట కాగితం మీద గుండ్రటి మచ్చ పడుతుంది. దాన్ని చేపకన్ను అనేవారు. చేపకళ్లు కనిపించాయంటే ఏనుగంత కాగితం చుట్ట తిరిగి గుజ్జులోకి పోవలసిందే. అందుకని వంటవాళ్లందరి దగ్గరా నురగ విరిచే మందు ఉండేది. రొజేర్ దగ్గరైతే అది చొక్కా జేబులోనే, ఎప్పుడో ముక్కులో వేసుకునే మందు కొన్న బుల్లి సీసాలో ఉండేది. తొట్టి మీదకి వంగి, నురగ ఎక్కడ పుడుతోందో కనిపెట్టి, సరిగ్గా అక్కడ ఒక్క చుక్క వేసేవాడు. నురగ చప్పున చల్లారిపోయేది. ఆ చెయ్యి జేబులోకి వెళ్లడం, రావడం ఎవరూ గమనించేవారు కాదు. కొన్నాళ్లకి అతనూ గమనించడం మానేశాడు.

తర్వాత మిల్లు మూతపడింది. చివరి చుట్ట దిగాక అందులోంచి ఒక ముక్క కోసి, ఆ పూట పనిలో ఉన్నవాళ్లంతా సంతకాలు పెట్టారు. యంత్రం ఆగి మళ్లీ నడిచినప్పుడు వచ్చే మొదటి మంచి కాగితం మీద సంతకాలు పెట్టడం మిల్లు ఆనవాయితీ. ఆఖరి కాగితం మీద పెట్టడం అదే మొదలు. ఆ ముక్క ఇప్పటికీ రొజేర్ ఇంట్లో, భోజనాల బల్ల పైన వేలాడుతోంది. పెద్ద యంత్రాలు ఓడలెక్కి ఎటో పోయాయి. కొత్త పూతలు పరీక్షించడానికి వాడే చిన్న యంత్రం ఒకటి మాత్రం ఊరు దాటలేదు. కాలేజీ వాళ్ల పరిశోధన కేంద్రం దాన్ని కొనుక్కుంది. పాడిగేదె వెంట పలుపుతాడు వచ్చినట్టు దాని వెంట రొజేర్ కూడా అక్కడికి చేరాడు. మిల్లు వాళ్లు దాన్ని ముసల్ది అనేవారు, కేంద్రంలోనూ ఆ పేరే నిలిచింది.

అక్కడికి కొన్నేళ్లకి సొలాంజ్ వేయెట్ వచ్చింది. నలభై ఏళ్ల మనిషి, పెద్ద చదువు చదివింది, మాట మెత్తన. కాగితం నాకొద్దని రొజేర్‌కి మొదటి రోజే చెప్పింది, రెండో రోజుకి ఆ ఆశ వదిలేసుకుంది. ఆమె పని పండ్లు చుట్టే కాగితం. చెట్టు గుజ్జునే ఇంకా ఇంకా నూరి, కంటికి ఆననంత సన్నని నలుసులు చేసి, వాటితో కాగితం మీద పల్చటి పొర వేస్తుంది. ప్లాస్టిక్ అక్కర్లేని పొర. అందులో లవంగ నూనె చుక్కలు దాగి ఉంటాయి. పండు చుట్టూ చుడితే ఆ నూనె కొద్దికొద్దిగా బయటికొచ్చి బూజు పట్టకుండా కాస్తుంది.

నూనె, నీళ్లు కలవవు కదా, మామూలుగా అయితే సబ్బులాంటిదేదో వేసి కలుపుతారు. సొలాంజ్ అది వెయ్యదు. ఆ చెట్టు నలుసులే నూనె చుక్కల చుట్టూ చేరి పట్టుకుంటాయంటుంది. రొజేర్‌కి ఒకరోజు ఇలా చెప్పింది: నూనె చుక్క ఒక భోజనాల బల్ల. నలుసులు దాని చుట్టూ కుర్చీలు వేసుకుని కూర్చుంటాయి. కూర్చున్నాక ఇక లేవవు. అందుకే ఒక చుక్క ఇంకో చుక్కతో కలిసిపోలేదు, పాలలా తెల్లగా అలాగే ఉండిపోతుంది. రొజేర్ ఇంటికెళ్లి మురియెల్‌కి అదంతా అప్పచెప్పాడు. సలాడ్‌లోకి నూనె, వెనిగర్ గిలకొట్టేటప్పుడు మా అమ్మ ఆవపిండి ఎందుకు వేసేదనుకున్నావు, దానికి ఇంత చదువు కావాలా అని ఆమె తేల్చేసింది. రొజేర్‌కి మాత్రం ఆ పని నచ్చింది. ఊరి చెట్టు, ఊరి గుజ్జు, మళ్లీ కాగితం మీదే పూత. చిన్నప్పుడు మిల్లు మైనం కాగితంలో చుట్టి అమ్మ కట్టిచ్చిన రొట్టె గుర్తొచ్చేది.

అయితే ముసల్ది ఎక్కువ చోటు తింటోందని కేంద్రం పెద్దలు గొణగడం మొదలెట్టారు. ఆ సంవత్సరం పాయింట్-దు-లాక్ వైపు స్ట్రాబెర్రీ రైతుల సంఘం సొలాంజ్ కాగితం చూస్తామంది. జూన్ చివర్లో వచ్చే సెయింట్-జాన్ పండగలోపు ముసల్ది మీద మంచి కాగితం వస్తే సంఘం పని ఇస్తుంది, యంత్రం కేంద్రంలోనే ఉంటుంది. రాకపోతే పాత ఇనుముకి పోతుంది. తన ఉద్యోగం గురించి రొజేర్‌కి బెంగ లేదు, పింఛను వస్తూనే ఉంది. అతని బెంగ అంతా ఆ రోలర్ల చప్పుడు గురించే. పొద్దున్నే అది మొదలైతే వంటింట్లో తన జట్టు అంతా చుట్టూ ఉన్నట్టే ఉండేది. ఆ చప్పుడు ఆగిన రోజే మిల్లు నిజంగా చస్తుందని అతని నమ్మకం. ఎవరితోనూ అనలేదు, మురియెల్‌కి తెలుసు.

మొదటిసారి నడిపిన రోజు సొలాంజ్ ఒకటికి రెండుసార్లు చెప్పింది, ఇచ్చినవి తప్ప ఇంకేమీ కలపొద్దని. రొజేర్ తలాడించాడు. తెల్లటి ద్రవాన్ని తొట్టిలోకి వంపాడు, పైకి వంగి చూసుకున్నాడు, ఇన్నేళ్లుగా ఎలా చూసుకున్నాడో అలాగే. రోలర్లు తిరిగాయి. ఆరేసరికి కాగితం నూనె కారుతోంది. హాలంతా పంటి డాక్టరు గదిలా లవంగం కంపు. గాజు పలక మీద తన చేత్తో పోసినప్పుడు ఎన్నడూ ఇలా కాలేదు, ఇంకేమైనా పడిందా అని సొలాంజ్ అడిగింది.

"ఏమీ కలపలేదమ్మా," అన్నాడు రొజేర్. అతని మనసులో అది నిజం.

రెండోసారి రోలర్ల ఒత్తిడి తగ్గించి, నెమ్మదిగా నడిపారు. మళ్లీ అదే నూనె, అదే కంపు. సొలాంజ్ ఆ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. చివరికి, రోలర్ల మధ్య చుక్కలు చితికిపోతున్నట్టున్నాయని, ముసల్దానితో ఈ పని కాదని చెప్పింది. ఆమెకీ బాధగానే ఉంది. వారం తిరిగాక సంఘానికి కబురు చేస్తానంది. రొజేర్ గుడ్డ తీసుకుని రోలర్లు తుడవడం మొదలెట్టాడు, తుడిచినవే మళ్లీ తుడిచాడు. ఆ యంత్రాన్ని అంటే కన్నతల్లిని అన్నట్టుంది అతనికి.

శనివారం పొద్దున పాత మిల్లు వాళ్లు గోధుమ కాని గోధుమ, అదే బక్‌వీట్ పిండి, దాంతో వేసిన అట్లు తినడానికి ఒక కొట్లో చేరతారు. వంటింట్లో రొజేర్ పక్క తొట్టి దగ్గర పనిచేసిన దొనా కూడా వస్తాడు. మనిషి నోటికి గేటు లేదు. రొజేర్ అట్టు మీద బెల్లం పాకంలాంటి మొలాసిస్ పోసుకుని తినకుండా కూర్చునేసరికి, సంగతంతా రాబట్టాడు. ముసల్దాన్ని అంటారా అని కాసేపు కేంద్రం వాళ్లని తిట్టాడు. తర్వాత స్నేహితుణ్ణి నవ్విద్దామని తన పెళ్లి కథ ఎత్తుకున్నాడు. ఆ కథ ప్రతి శనివారం చెబుతాడు, అందరూ ప్రతి శనివారం వింటారు.

దొనా పెళ్లిలో బీరు పీపా పొంగుతోంది. గ్లాసు పడితే సగం నురగే. పీపా దగ్గర రొజేర్‌ని కాపలా పెట్టారు. కాసేపటికి నురగ పోయింది. బీరు కుంటనీళ్లలా చప్పబడిపోయింది. తాగినవాళ్లకి రెండు రోజులు కడుపు ఆగలేదు.

"పెళ్లికొడుకుని, నేనే పరిగెత్తానురా పెరట్లోకి," అన్నాడు దొనా. "వచ్చి నిన్ను నిలేస్తే ఏమన్నావో గుర్తుందా? నేనేం కలపలేదురా అన్నావు. చేతిలో సీసా పెట్టుకుని మరీ."

బల్లంతా నవ్వింది. రొజేర్ నవ్వలేదు. అతని చెయ్యి జేబు దగ్గరికెళ్లింది. సీసా అక్కడే ఉంది, కేంద్రంలో మామూలు పూతలకి ఇప్పటికీ వాడుతూనే ఉన్నాడు. పైకి తీసి వెలుతురుకి పెట్టి చూశాడు. మొదటిసారి నడపడానికి ముందే నిండా నింపుకున్నాడు. ఆ తర్వాత వేరే పూత ఏదీ కలపలేదు. ఇప్పుడు మందు మెడ కిందికి దిగి ఉంది.

వంటింటి లెక్కలో కలపడమంటే మట్టి, గంజి, జిగురు. నురగ విరవడం కలపడం కాదు, అది కళ్లలో పడ్డ నలకని తుడుచుకోవడం లాంటిది. దాన్నెవరు లెక్కలో వేసుకుంటారు? ఈ తప్పు చెయ్యాలంటే వంటవాడే అయ్యుండాలి, అదీ మంచి వంటవాడై ఉండాలి. రొజేర్‌కి ముందు సంతోషం వేసింది, ముసల్దాని తప్పు లేదని. మరుక్షణం అసలు సంగతి తట్టింది. ఆడలేక మద్దెల ఓడన్నట్టు యంత్రాన్ని అన్నారు, ఓడు తన చెయ్యి. నోరు మూసుకుంటే ఎవరికీ తెలియదు, కానీ ముసల్ది పాత ఇనుముకి పోతుంది. అట్టు అలాగే వదిలేసి లేచాడు. మొలాసిస్ వేస్టు అయిందని దొనా దాన్ని తన పళ్లెంలోకి లాక్కున్నాడు.

సోమవారం పొద్దున్నే సొలాంజ్ బల్ల మీద సీసా పెట్టాడు.

"కూర్చున్నవాళ్లని లేపింది నేనేనమ్మా," అన్నాడు. "రెండుసార్లూ వేసుంటాను. వేసినట్టు గుర్తు కూడా లేదు. ముసల్దాన్నేం అనకండి, పాపం దానికేం తెలీదు."

సొలాంజ్ గాజు జాడీలో తన తెల్ల ద్రవం కొంచెం పోసి, సీసాలోంచి ఒక్క చుక్క వేసి కలిపింది. ఇద్దరూ కాఫీ తెచ్చుకుని దాని ముందు కూర్చున్నారు. కాఫీ అయ్యేసరికి జాడీలో తెలుపు విరిగింది, పైన పసుపుపచ్చగా నూనె తేలింది. ఆ మందు కూడా సబ్బు జాతిదేనని ఆమె చెప్పింది. బల్ల దగ్గర కాస్త సందు దొరికితే చాలు, దూరి నలుసుల్ని ఒక్కొక్కటిగా కుర్చీల్లోంచి తోసేస్తుంది. తనది మాత్రం తప్పు కాదా అని కూడా అంది. జాడీలో బుడగలైతే తను గాలి లాగేసే పంపు పెట్టి తీసేస్తుంది. తొట్టి బుడగల్ని ఈయన ఏం చేస్తాడో అడగాలని ఒక్కసారీ తోచలేదు.

"ఇంకోసారి నడుపుదాం జెలినా గారూ. కానీ బుడగల్ని అలాగే వదిలెయ్యాలి. వదలగలరా?"

"చేపకళ్లు పడతాయమ్మా."

"పడనివ్వండి. స్ట్రాబెర్రీలు దాని మీద ఉత్తరాలేం రాయవుగా."

వదలగలనని రొజేర్ అనలేదు. ఇంటికెళ్లి భార్యతో చెప్పాడు. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదని మురియెల్ అతని పని చొక్కా తీసుకుని, సూది దారంతో జేబు అడ్డంగా కుట్టేసింది.

"మొగుణ్ణి నమ్ముతానయ్యా. మొగుడి చేతిని నమ్మను," అంది.

నడిపే రోజు ద్రవాన్ని ముందురోజే కలిపి, తేరడానికి వదిలారు. అయినా తొట్టిలోకి వంపగానే నురగ లేచింది. మూలల్లో తెల్లగా చేరింది, కదిలింది, అంచు దాకా పాకింది. రొజేర్ వంగి చూశాడు. చెయ్యి దానంతట అదే లేచి జేబు మీదికెళ్లి, కుట్టు తగిలి ఆగింది. దాన్ని కిందికి దించుకున్నాడు. మళ్లీ లేచింది, మళ్లీ దించాడు. చివరికి రెండు చేతులూ వెనక్కి పెట్టి ఒకదాన్ని ఒకటి పట్టుకున్నాడు, చర్చిలో అల్లరి పిల్లవాణ్ణి తల్లి పట్టుకున్నట్టు. చెమట కళ్లలోకి కారుతున్నా తుడుచుకోలేదు. సొలాంజ్ యంత్రాన్ని కాదు, అతన్నే చూస్తూ నిలబడింది.

కాగితం ఆరింది. నూనె లేదు, కంపు లేదు. సొలాంజ్ మొదటి ముక్క కోసి అతనికిచ్చింది. చెవి దగ్గర ఆడించాడు, గలగలమంది. మూల నాకాడు, తడి దిగలేదు. అప్పుడు వెలుతురుకి ఎత్తి పట్టుకున్నాడు. అక్కడక్కడా చేపకళ్లు. మిల్లులో అయితే ఈ చుట్ట మొత్తాన్ని తనే గుజ్జులోకి పంపేవాడు, పంపి ఒక తిట్టు కూడా తిట్టేవాడు.

సంఘం తరఫున కార్మెల్ దుగ్రే అనే రైతమ్మ తన పండ్లు తెచ్చి, కొన్ని మామూలు కాగితంలో, కొన్ని ఇందులో చుట్టి పెట్టింది. వారం పోయాక విప్పితే మామూలు కాగితంలోవి గడ్డాలు పెంచుకుని ఉన్నాయి. ఇందులో ఒకటో రెండో చెడ్డాయి గానీ మిగతావి నిగనిగలాడుతున్నాయి. ఆమె ఒకటి నోట్లో వేసుకుని, లవంగం వాసన రావట్లేదే అంది, మెచ్చుకోలుగా. ఈ ఒక్క కాపుకి తీసుకుంటాం, తర్వాత సంగతి తర్వాత అంది. ఆ ఒక్క కాపు చాలు, ముసల్ది ఉండిపోయింది.

ఆనవాయితీ సొలాంజ్‌కి ఎవరు చెప్పారో తెలియదు. మొదటి ముక్క తీసి తను సంతకం పెట్టి, కార్మెల్ చేత పెట్టించి, పెన్ను రొజేర్‌కిచ్చింది. అతను చాలాసేపు చూసి, ఒక పెద్ద చేపకన్ను పక్కన తన పేరు రాశాడు. రాసి, తొట్టి దగ్గరికి ఇంకెవరినైనా చూసుకోమన్నాడు. మిల్లు ముఖం చూడనివాళ్లయితే మంచిదన్నాడు. సొలాంజ్ కాదనబోయింది.

"ప్రతిసారీ జేబు కుట్టి పంపలేదమ్మా మా ఆవిడ," అన్నాడు రొజేర్. "ఏదో ఒకరోజు చెయ్యి నన్ను దాటిపోతుంది. అప్పుడు మళ్లీ ముసల్దాన్నే అంటారు."

పోయేముందు రోలర్లని ఒకసారి తుడిచాడు. అతను గుమ్మం దాటేసరికి వెనక ముసల్ది నడుస్తూనే ఉంది. మిల్లులో ముప్పై ఏళ్లు, కేంద్రంలో ఇరవై ఏళ్లు పనిచేశాక, దాని చప్పుడు వింటూ బయటికి నడవడం అతనికదే మొదటిసారి. ఎప్పుడూ ఆపి వెళ్లేవాడు.

సెయింట్-జాన్ పండగ సాయంత్రం ఊరంతా నది ఒడ్డున చేరింది. ఇంకా పొద్దుంది, మంటకి కర్రలు పేరుస్తున్నారు. దొనా బీరు తెచ్చి రొజేర్ చేతిలో ఒకటి పెట్టాడు. తొందరలో పోశాడేమో, గ్లాసు నిండా నురగ పొంగి వేళ్ల మీద కారుతోంది. రొజేర్ చెయ్యి జేబు దగ్గరికెళ్లింది. అదే చొక్కా, మురియెల్ కుట్టు విప్పలేదు. వేళ్లు ఆ దారం మీద కాసేపు ఉండిపోయాయి.

"వెయ్యరా," అన్నాడు దొనా మెల్లగా. ఈసారి గొంతులో వెటకారం లేదు. "ఎవరికీ చెప్పన్లే."

రొజేర్ తల అడ్డంగా ఊపాడు. గ్లాసు మోకాలి మీద పెట్టుకుని చూస్తూ కూర్చున్నాడు. నురగ కాసేపు అలాగే నిలబడింది, తర్వాత అంచుల దగ్గర సన్నగా చిటపటమంటూ కుంగడం మొదలెట్టింది. కళ్లలో నీళ్లు తిరిగాయి, తుడుచుకోలేదు.

"దిగుతోంది చూడరా," అన్నాడు. "దానంతట అదే దిగుతోంది. అన్నేళ్లలో మనం ఒక్కసారీ ఆగి చూళ్లేదు."